ఫిర్యాదే తీర్పు

అమెరికా ప్రభుత్వ బడుల్లో ఒక పుస్తకాన్ని అల్మరాలోంచి దింపడానికి విచారణ అక్కర్లేని రోజులొచ్చాయి. ఎవరో ఒకరు ఫారం నింపితే చాలు. ఫ్లోరిడా నుంచి టెక్సాస్ దాకా పాకిన ఈ చట్టాలను లైబ్రేరియన్లు, ప్రచురణకర్తలు, బడిపిల్లలు ఎందుకు ఎదిరిస్తున్నారు?

1960 నవంబరు. న్యూ ఆర్లియన్స్‌లో రూబీ బ్రిడ్జెస్ అనే ఆరేళ్ల నల్లజాతి పిల్ల, ఫెడరల్ మార్షల్స్ కాపలా మధ్య, అప్పటిదాకా తెల్లవాళ్ల పిల్లలకే పరిమితమైన బడిలో అడుగుపెట్టింది. గేటు బయట గుంపు తిట్లు లంకించుకుంది. తెల్లవాళ్లు తమ పిల్లల్ని బడి మాన్పించారు. ఆ ఏడాదంతా తరగతి గదిలో ఒక టీచరమ్మ, ఒక రూబీ. అంతే.

1998లో డిస్నీ ఈ కథను టీవీ సినిమాగా తీసింది. 2023లో ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక ప్రాథమిక పాఠశాల, నల్లజాతి చరిత్ర మాసం సందర్భంగా రెండో తరగతి పిల్లలకు దాన్ని చూపించాలనుకుంది. ముందుగా ఇళ్లకు అనుమతి పత్రాలు పంపింది. అరవై దాకా కుటుంబాల్లో రెండు కుటుంబాలు మా పిల్లలు చూడొద్దన్నాయి. ఆ ఇద్దరు పిల్లలూ చూడలేదు. ఎవరికీ ఇబ్బంది లేదు, వ్యవహారం అక్కడితో ముగిసిపోవాలి. కానీ వద్దన్న ఇద్దరిలో ఒక తల్లి మార్చిలో ఫిర్యాదు ఫారం నింపింది. తెల్లవాళ్లు నల్లవాళ్లను ద్వేషిస్తారని ఈ సినిమా పిల్లలకు నేర్పవచ్చట. ఫిర్యాదు సంగతి తేలేదాకా ఆ బడిలో సినిమా ఆపేశారు.

తన బిడ్డకు వద్దు అనే హక్కు ఆ తల్లికి ఉంది. దాన్ని ఆమె వాడుకుంది కూడా. ఆ తర్వాత అడిగింది, మిగతా యాభై ఎనిమిది ఇళ్ల పిల్లలకూ వద్దని. ఈ రెండు కోరికలూ ఒకటి కావు. ఒకటేనన్నట్టుగా రాసిన చట్టాలతోనే పేచీ అంతా.

ముందు దించండి, తర్వాత చూద్దాం

బడి లైబ్రరీలో పుస్తకం మీద అభ్యంతరం చెప్పడం అమెరికాలో కొత్తేమీ కాదు. దశాబ్దాలుగా దానికో పద్ధతి ఉంది. తల్లో తండ్రో కాగితం మీద రాసిస్తారు. లైబ్రేరియన్, ఒకరిద్దరు టీచర్లు, కొందరు తల్లిదండ్రులు కలిసి కమిటీగా కూర్చుంటారు. పుస్తకాన్ని మొత్తం చదువుతారు. ఉంచాలా, పై తరగతులకు మార్చాలా, తీసేయాలా అన్నది తేలుస్తారు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ మొదటినుంచీ పట్టుబట్టే నియమం ఒకటుంది: విచారణ తేలేదాకా పుస్తకం అల్మరాలోనే ఉండాలి. ఆరోపణ వచ్చినంత మాత్రాన దోషి కాదన్న న్యాయసూత్రమే పుస్తకానికీ వర్తించింది.

ఫ్లోరిడా ఈ నియమాన్ని తలకిందులు చేసింది. 2022లో తెచ్చిన హెచ్‌బీ 1467 అనే చట్టం, బడిలో పిల్లలు చదివే ప్రతి పుస్తకాన్నీ శిక్షణ పొందిన నిపుణులు ఆమోదించాలంది. వాళ్లకు రాష్ట్ర విద్యాశాఖ ఇచ్చిన శిక్షణ సారాంశం, అనుమానం వస్తే జాగ్రత్త వైపే మొగ్గమని. ఆ జాగ్రత్త ఎలా ఉంటుందో 2023 జనవరిలో మనాటీ కౌంటీలో కనిపించింది. అక్కడి టీచర్లు సొంత డబ్బులతో కొని తరగతి గదుల్లో పెట్టుకున్న పుస్తకాల అరలకు రంగు కాగితాలు అంటించి మూసేశారు. ఆమోదం లేని పుస్తకం పిల్లల చేతికి వెళ్తే తమ మెడకు చుట్టుకుంటుందని వాళ్ల భయం. ఆ భయానికి ఆధారం ఉంది. మైనర్లకు హానికరమైన సామగ్రి అందించడం ఫ్లోరిడా శిక్షాస్మృతిలో మూడో తరగతి ఘోరనేరం. ఐదేళ్ల దాకా జైలు, ఐదు వేల డాలర్ల దాకా జరిమానా.

2023 మే నెలలో గవర్నర్ రాన్ డిశాంటిస్ హెచ్‌బీ 1069 మీద సంతకం పెట్టారు. దాని ప్రకారం, లైంగిక ప్రవర్తనను వర్ణిస్తోందని ఎవరైనా అభ్యంతరం చెబితే ఐదు బడి రోజుల్లో ఆ పుస్తకాన్ని పిల్లలకు అందకుండా తీసేయాలి. తీర్పు వచ్చేదాకా అది బయటే ఉండాలి. ఆ తీర్పుకి మాత్రం గడువు లేదు. నెలలు పట్టినా అడిగేవారుండరు. ఫిర్యాదు చేసినవాళ్లకు అప్పటికే పని అయిపోయి ఉంటుంది కదా.

అదే చట్టంలో మరో చిత్రమైన క్లాజు ఉంది. అభ్యంతరం చెప్పిన పుస్తకంలోంచి కొన్ని భాగాలను తల్లిదండ్రులు స్కూల్ బోర్డు సమావేశంలో పైకి చదవొచ్చు. ఆ చదివేది మరీ అశ్లీలంగా ఉందని బోర్డు ఆపిందా, ఇక చర్చ లేదు. ఆ పుస్తకాన్ని వాడటం మానేయాల్సిందే. అంటే నాలుగు వందల పేజీల నవల భవితవ్యం, మైకు ముందు నిలబడి ఎంచుకుని చదివే నాలుగు వాక్యాల మీద ఆధారపడుతుంది.

ముక్కలు ఏరి చదివితే ఏమవుతుందో మనకు చెప్పాల్సిన పనిలేదు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను పరిష్కరించి వావిళ్ల వారి ద్వారా వెలువరిస్తే, అభ్యంతరకరమైనవంటూ కొన్ని పద్యాలను విడిగా అనువదించి పై అధికారుల ముందు పెట్టారు. ప్రతులు జప్తయ్యాయి. నిషేధం తొలగింది ప్రకాశం పంతులు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. కావ్యం మొత్తం చదివి తీర్పు చెప్పినవాళ్లు ఎందరో నాకు అనుమానమే. ఫ్లోరిడా శాసనసభ ఆ పద్ధతికే చట్టంలో చోటిచ్చింది.

నిఘంటువు కూడా నిందితురాలే

ఎస్కాంబియా ఫ్లోరిడా పశ్చిమ కొసన, పెన్సకోలా ఊరున్న కౌంటీ. అక్కడ ఒక హైస్కూల్ ఇంగ్లిష్ టీచరు ఒక్కరే వందకు పైగా పుస్తకాల మీద ఫిర్యాదులు పెట్టారు. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ జూలో రెండు మగ పెంగ్విన్లు ఒక గుడ్డును పొదిగి పిల్లను పెంచిన నిజ కథ ఆధారంగా రాసిన బొమ్మల పుస్తకం 'అండ్ టాంగో మేక్స్ త్రీ' కూడా ఆ జాబితాలో ఉంది. స్కూల్ బోర్డు దాన్ని తీసేసింది.

హెచ్‌బీ 1069 వచ్చాక ఆ కౌంటీ స్కూల్ డిస్ట్రిక్ట్ ఫిర్యాదుల కోసం ఆగలేదు. ఏది చట్టానికి చిక్కుతుందో అని ముందే 1,600కు పైగా పుస్తకాలను పక్కన పెట్టేసింది. 2024 జనవరిలో రచయితల సంస్థ పెన్ అమెరికా ఆ జాబితా బయటపెట్టాక దేశమంతా ముక్కున వేలేసుకుంది. పిల్లల నిఘంటువులున్నాయి. గిన్నిస్ రికార్డుల పుస్తకం ఉంది. ఆన్ ఫ్రాంక్ డైరీ ఉంది. ఇవి నిషేధించినవి కావు, పరిశీలనలో ఉన్నాయి అంతే అని డిస్ట్రిక్ట్ జవాబిచ్చింది. అది అబద్ధం కాదు. కాకపోతే నాలుగో తరగతి పిల్లకు ఒక మాటకు అర్థం కావాల్సి వచ్చి లైబ్రరీకి వెళ్తే నిఘంటువు లేదు. పరిశీలనలో ఉన్న పుస్తకానికీ నిషేధంలో ఉన్న పుస్తకానికీ ఆ పిల్లకు తేడా ఏం తెలుస్తుంది?

నిఘంటువును ఎవరూ ద్వేషించరు. దాన్ని దించింది ద్వేషం కాదు, గుమస్తా భయం. ఈ చట్టాల అసలు పనితనం అక్కడుంది. శాసనసభ ఏ పుస్తకం పేరూ రాయదు. 'లైంగిక ప్రవర్తన వర్ణన' అని ఒక మాట రాసి, దాని పక్కన జైలు పెడుతుంది. మిగతా పని కింది ఉద్యోగులు వాళ్లంతట వాళ్లే చేసుకుంటారు. రేపు ఎవరైనా అడిగితే, మేమేమీ నిషేధించలేదే అని రాష్ట్రం చేతులు దులుపుకోవచ్చు.

పెన్ అమెరికా ఏటా లెక్క కడుతోంది. 2023-24 విద్యా సంవత్సరంలో దేశవ్యాప్తంగా బడుల్లో పుస్తకాలు తీసేసిన సందర్భాలు 10,046. అందులో ఒక్క ఫ్లోరిడావే 4,561. తాత్కాలికంగా దించినవాటినీ ఇందులో కలుపుతారని రాష్ట్ర ప్రభుత్వం ఎత్తిపొడుస్తుంది. కలుపుతారు, నిజమే. ఐదు రోజుల్లో దించి, గడువు లేకుండా బయట ఉంచే చట్టం చేసినవాళ్లు 'తాత్కాలికం' అన్న మాట వాడటం నాకు మాత్రం సబబుగా తోచదు.

ఆ పదకొండు మంది

తల్లిదండ్రుల హక్కు. ఈ చట్టాల మీద వినిపించే మొదటి మాటా, చివరి మాటా ఇదే. మరి ఫిర్యాదు చేస్తున్నది తల్లిదండ్రులేనా?

2021-22లో వచ్చిన వెయ్యికి పైగా ఫిర్యాదులను వాషింగ్టన్ పోస్ట్ తెప్పించుకుని ఒక్కొక్కటీ చదివింది. వాటిలో దాదాపు అరవై శాతం పెట్టింది కేవలం పదకొండు మంది. 2024కి అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ కట్టిన లెక్కలో, బడి లైబ్రరీలు, ఊరి లైబ్రరీలు కలిపి, పుస్తకాలు తీసేయాలన్న ఒత్తిళ్లలో 72 శాతం సంఘాల నుంచీ, ప్రజాప్రతినిధులు, బోర్డు సభ్యులు, అధికారుల నుంచీ వచ్చినవి. తల్లిదండ్రుల వాటా 16 శాతం. ఇంతకీ ఈ సంఘాల్లో పేరుమోసిన మామ్స్ ఫర్ లిబర్టీ పుట్టింది కూడా ఫ్లోరిడాలోనే, 2021 జనవరిలో. ఎక్కడో ఒకచోట ఎవరో తయారుచేసిన జాబితా, అందులో పుస్తకానికి ఇన్ని పేజీలని గుర్తులు. ఇంకోచోట ఫారంలో అవే పేజీలు, అవే మాటలు.

సొంతంగా నింపిన ఫారాలైనా బాగుంటాయా అంటే, ఫ్లోరిడాలోని మయామీ లేక్స్ సంగతి చూడండి. 2021 జనవరిలో బైడెన్ ప్రమాణ స్వీకారంలో ఇరవై రెండేళ్ల అమాండా గోర్మన్ చదివిన 'ద హిల్ వి క్లైమ్' కవిత మీద 2023లో అక్కడి బడిలో ఒక ఫిర్యాదు వచ్చింది. రచయిత పేరు రాయాల్సిన చోట ఆప్రా విన్‌ఫ్రీ అని రాసి ఉంది. ఆప్రా ఆ పుస్తకానికి ముందుమాట మాత్రమే రాసింది. మొత్తం చదవలేదని ఫిర్యాదు చేసినామె తర్వాత ఒప్పుకుంది కూడా. అయినా కమిటీ కూర్చుంది, పుస్తకం చిన్నపిల్లల అరలోంచి పెద్దపిల్లల అరకు మారింది. చదవని పుస్తకం మీద, రాయని రచయిత్రి పేరుతో వచ్చిన ఫిర్యాదుకి కూడా ఫలితం దక్కింది.

చివరికి డిశాంటిస్‌కే తలనొప్పి పట్టుకుంది. 2024లో హెచ్‌బీ 1285 తెచ్చి, ఫిర్యాదు పెట్టే డిస్ట్రిక్ట్ బడుల్లో పిల్లలు లేనివాళ్లు నెలకు ఒక్క అభ్యంతరమే పెట్టాలని నిబంధన చేశారు. చట్టాన్ని దుర్వినియోగం చేస్తున్నారని ఆయన అన్న మాట విని నవ్వొచ్చింది. బడిలో పిల్లలే లేని మనిషికి బడి పుస్తకం మీద ఫిర్యాదు హక్కు ఎందుకన్న ప్రశ్న అప్పుడైనా రావాలి. రాలేదు. నెలకు ఒకటి చాలన్నారు, అంతే.

యూటాలో బైబిల్, అయోవాలో చాట్‌జీపీటీ

యూటా 2022లోనే ఇలాంటి చట్టం చేసింది. సాల్ట్ లేక్ సిటీకి ఉత్తరాన ఉన్న డేవిస్ డిస్ట్రిక్ట్‌లో ఒకరు ఆ చట్టం చేతపట్టుకుని బైబిల్ మీదే ఫిర్యాదు పెట్టారు. సెక్స్, హింస, అక్రమ సంబంధాలు అన్నీ ఉన్నాయి కదా, మీ చట్టం ప్రకారం ఇదీ తీసేయండి అని. అది వెటకారమని అందరికీ తెలుసు. కానీ చట్టానికి వెటకారం అర్థం కాదు. 2023లో కమిటీ బైబిల్‌ను ప్రాథమిక, మాధ్యమిక బడుల్లోంచి తీసేసింది. గోల లేచాక బోర్డు మళ్లీ పెట్టింది. మిగతా పుస్తకాలకు అలాంటి గోల చేసేవాళ్లు లేరు.

2024లో యూటా ఇంకో మెట్టు ఎక్కింది. రాష్ట్రంలో 41 స్కూల్ డిస్ట్రిక్టులుంటే, మూడు డిస్ట్రిక్టులు ఒక పుస్తకాన్ని వద్దంటే చాలు, రాష్ట్రం మొత్తం మీద ప్రతి ప్రభుత్వ బడిలోనూ అది ఉండకూడదు. మిగతా 38 డిస్ట్రిక్టులు ఆ పుస్తకం బాగుందనుకున్నా లాభం లేదు. స్థానిక పాలన, స్థానిక నిర్ణయం అంటూ రోజూ జపించే రిపబ్లికన్ పార్టీ చేసిన చట్టం ఇది. ఆగస్టులో విడుదలైన తొలి జాబితాలో 13 పుస్తకాలు. సారా జె. మాస్ నవలలు ఆరు, జూడీ బ్లూమ్ 'ఫరెవర్', మార్గరెట్ ఆట్‌వుడ్ నవల ఒకటి. మన పంజాబ్‌లో పుట్టి కెనడాలో పెరిగిన రూపీ కౌర్ కవితల పుస్తకం 'మిల్క్ అండ్ హనీ' కూడా అందులో ఉంది. తన మీద జరిగిన దౌర్జన్యాన్ని ఒక అమ్మాయి చెప్పుకునే కవితలవి. అలాంటి అనుభవమే ఉన్న పదహారేళ్ల పిల్ల ఆ పుస్తకం కోసం బడి లైబ్రరీకి వస్తే దొరకదు.

అయోవాది మరో తంతు. 2023లో ఎస్‌ఎఫ్ 496 అనే చట్టం లైంగిక చర్య వర్ణన ఉన్న ఏ పుస్తకమూ బడిలో ఉండొద్దంది. మేసన్ సిటీ డిస్ట్రిక్ట్‌కు వేల పుస్తకాలు చదివే తీరికా మనుషులూ లేరు. దాంతో ఫిర్యాదులు ఎక్కువగా వచ్చే పుస్తకాల పేర్లు తీసుకుని, వీటిలో అలాంటి వర్ణన ఉందా అని చాట్‌జీపీటీని అడిగారు. ఉందన్నవి తీసేశారు. నోబెల్ గ్రహీత టోనీ మారిసన్ 'బిలవెడ్' అలా పోయింది. బానిసత్వంలోకి మళ్లీ పోనివ్వకూడదని కన్నకూతుర్నే చంపుకున్న తల్లి కథ అది. పుస్తకం చదవని యంత్రం, పుస్తకం చదవని మనుషులకు సలహా చెప్పింది. ఆ డిస్ట్రిక్ట్ సిబ్బందిని ఆడిపోసుకోవడం నాకిష్టం లేదు. అసాధ్యమైన పని నెత్తిన పెడితే ఎవరైనా అడ్డదారే వెతుక్కుంటారు.

ఫ్రిస్కో దాకా వచ్చింది

డాలస్ పక్కనున్న ఫ్రిస్కో పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువ. కార్యసిద్ధి హనుమాన్ గుడి అక్కడే. బడుల రేటింగు చూసి ఇల్లు కొనే మనవాళ్లకు ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్ (ఐఎస్‌డీ) అంటే గురి. టెక్సాస్‌లో పుస్తకాల మీద 2023లో వచ్చిన హెచ్‌బీ 900 రాసింది ఆ ఊరికి ప్రాతినిధ్యం వహించే జేరెడ్ పాటర్సనే. బడులకు పుస్తకాలమ్మే ప్రతి దుకాణమూ ఆ పుస్తకాల్లో లైంగిక విషయం ఎంతుందో తానే రేటింగు ఇవ్వాలని, ఇదివరకు అమ్మినవాటికీ ఇవ్వాలని ఆ చట్టం కోరింది. ఆస్టిన్‌లోని బుక్‌పీపుల్, హ్యూస్టన్‌లోని బ్లూ విల్లో అనే రెండు పుస్తకాల కొట్లు కోర్టుకెక్కాయి. బలవంతంగా మాతో మాట్లాడించే అధికారం రాష్ట్రానికి లేదన్నాయి. 2024 జనవరిలో ఐదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ రేటింగు నిబంధనను అడ్డుకుంది.

అక్కడితో ఆగలేదు. 2025 సెప్టెంబరు 1 నుంచి ఎస్‌బీ 13 అమల్లోకి వచ్చింది. లైబ్రరీకి కొనే ప్రతి కొత్త పుస్తకాన్నీ స్కూల్ బోర్డు ఆమోదించాలి. కొనే ముందు జాబితాను నెల రోజులు జనం ముందుంచాలి. తల్లిదండ్రులే కాదు, ఆ డిస్ట్రిక్ట్‌లో నివసించే ఎవరైనా, పనిచేసే ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పొచ్చు. చెప్పగానే, తేలేదాకా ఆ పుస్తకం పిల్లలకు అందకూడదు. ఫ్లోరిడా పాఠమే ఇక్కడా.

మనవాళ్లలో చాలామందికి ఈ చట్టాలు తప్పుగా తోచవు. అది దాచాల్సిన విషయం కాదు. టీవీలో ముద్దు సీను వస్తే రిమోట్ వెతుక్కునే ఇళ్లలోంచి వెళ్లినవాళ్లం. 'జెండర్ క్వీర్' లాంటి బొమ్మల పుస్తకంలో కొన్ని పేజీలు చూస్తే చాలామంది అమ్మానాన్నలకు గుండె దడ పుడుతుంది. అలా పుట్టడంలో తప్పేం లేదు. ఎనిమిదేళ్ల పిల్లాడి చేతికి పదిహేడేళ్లవాళ్ల పుస్తకం ఇవ్వాలని ఏ లైబ్రేరియనూ వాదించదు. ఏ వయసుకు ఏ అర అన్నది ఆమె వృత్తిలో మొదటి పాఠం.

కానీ ఎస్‌బీ 13ను పూర్తిగా చదివితే అందులోనే ఒక మంచి నిబంధన కనిపిస్తుంది. మీ పిల్లాడు లైబ్రరీలో ఏమేం తీసుకున్నాడో మీరు తెలుసుకోవచ్చు. ఫలానా పుస్తకాలు మా వాడికి ఇవ్వొద్దని జాబితా రాసివ్వొచ్చు. బడి దానికి కట్టుబడాలి. తల్లిదండ్రుల హక్కు అన్న మాటకు నిజంగా అర్థముంటే ఆ ఒక్క నిబంధన దగ్గర చట్టం ముగిసిపోవాలి. అది దాటి రాసిన ప్రతి పేరా మీ పిల్లాడి గురించి కాదు, ఎదురింటి పిల్లాడి గురించి. రేపు ఎదురింటాయన మీ పిల్లాడి గురించి రాస్తాడు. అమెరికాలోని హిందూ సంఘాలు పాఠ్యపుస్తకాల్లో హిందూమతాన్ని తప్పుగా చూపించారని 2005లో కాలిఫోర్నియాలో పెద్ద పోరాటమే చేశాయి. వాళ్లడిగింది ప్రధానంగా దిద్దమని. ఇప్పటి చట్టాల్లో దిద్దడం అనే మాట లేదు. ఉన్నది తీసేయడం ఒక్కటే.

కొనుక్కోవచ్చు కదా, అమెజాన్‌లో దొరుకుతుంది కదా అంటారు. ఫ్రిస్కోలో ఐదు పడకగదుల ఇంట్లో ఉన్న పిల్లకు దొరుకుతుంది. బడిలో ఉచిత భోజనం మీద బతికే పిల్లకు బడి లైబ్రరీ తప్ప వేరే లైబ్రరీ లేదు. ఈ చట్టాల దెబ్బ అందరి మీదా ఒకేలా పడదు.

కోర్టు గడప

1970ల మధ్యలో న్యూయార్క్ శివారు ఐలండ్ ట్రీస్‌లో స్కూల్ బోర్డు సభ్యులు ఒక తల్లిదండ్రుల సంఘం సమావేశానికి వెళ్లి ఒక జాబితా పట్టుకొచ్చారు. తిరిగొచ్చి లైబ్రరీలోంచి కొన్ని పుస్తకాలు తీయించారు. పులిట్జర్ గెలిచిన బెర్నార్డ్ మలమూడ్ నవల 'ద ఫిక్సర్' వాటిలో ఒకటి. స్టీవెన్ పికో అనే హైస్కూల్ విద్యార్థి, మరికొందరు పిల్లలు కోర్టుకు వెళ్లారు. 1982లో సుప్రీంకోర్టు 5-4తో వాళ్ల వైపు మొగ్గింది. అందులోని భావాలు నచ్చలేదన్న కారణంతో బోర్డులు లైబ్రరీ పుస్తకాలు తీసేయరాదన్నది జస్టిస్ బ్రెనన్ రాసిన అభిప్రాయం. కానీ ఐదుగురిలో ఒకరు వేరే దారిన ఏకీభవించడంతో ఆ అభిప్రాయానికి పూర్తి మెజారిటీ బలం రాలేదు. ఆ సందు ఇప్పుడు పెద్దదవుతోంది.

టెక్సాస్‌లోని లానో కౌంటీలో ఊరి లైబ్రరీ నుంచి 17 పుస్తకాలు తీసేశారు. జాత్యహంకారం మీద రాసినవి కొన్ని. అపానవాయువు మీద చిన్నపిల్లల్ని నవ్వించే పుస్తకాలు కొన్ని. (వీటి మీద కూడా కోర్టుకెక్కాల్సి వచ్చిందంటే ఆ లాయర్లు మొహం ఎలా పెట్టుకుని వాదించారో!) 2025 మేలో ఐదో సర్క్యూట్ కోర్టు 10-7తో, లైబ్రరీలోంచి పుస్తకాలు తీసేయడాన్ని ప్రశ్నించే హక్కు పాఠకుడికి లేదంది. లైబ్రరీలో ఏ పుస్తకాలుండాలన్నది ప్రభుత్వం తన మాట తాను చెప్పుకోవడమేనని ఆ పదిమందిలో కొందరు జడ్జీలు అన్నారు. డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించింది. టెక్సాస్, లూజియానా, మిసిసిపీ రాష్ట్రాలకు ప్రస్తుతానికి అదే శాసనం.

ఫ్లోరిడాలో మాత్రం వేరే గాలి. పెంగ్విన్ రాండమ్ హౌస్, హార్పర్ కాలిన్స్ లాంటి పెద్ద ప్రచురణ సంస్థలు, ఆథర్స్ గిల్డ్, కొందరు రచయితలు, తల్లిదండ్రులు కలిసి హెచ్‌బీ 1069 మీద 2024లో దావా వేశారు. 2025 ఆగస్టులో ఫెడరల్ జడ్జి కార్లోస్ మెండోజా తీర్పిచ్చారు. లైంగిక ప్రవర్తనను 'వర్ణించడం' అన్నది హద్దూ అదుపూ లేని మాట అన్నారు. పుస్తకాన్ని ముక్కలుగా కాక మొత్తంగా చూడాలి, సాహిత్య విలువను లెక్కలోకి తీసుకోవాలి అన్నారు. ఆలిస్ వాకర్ 'ద కలర్ పర్పుల్', టోనీ మారిసన్ 'ద బ్లూయెస్ట్ ఐ' వంటివి ఆ కేసులో ఉన్న పుస్తకాలు. రాష్ట్రం అప్పీలుకు వెళ్లింది. లైబ్రరీలో పుస్తకం ప్రభుత్వం మాటేనన్న వాదన టెక్సాస్ కేసులో కొందరు జడ్జీలను ఒప్పించింది, ఇక్కడ ఓడింది. పుస్తకం అదే, పిల్ల వయసు అదే, హక్కు మాత్రం రాష్ట్ర సరిహద్దును బట్టి మారుతోంది.

ఎదురు చట్టాలు

కోర్టులనే నమ్ముకోనివాళ్లు శాసనసభల్లోనే పోరాడారు. 2023 జూన్‌లో ఇలినాయ్ మొదటి అడుగు వేసింది. ఎవరి అభిప్రాయాలో నచ్చలేదని పుస్తకాలు తీసేసే లైబ్రరీలకు రాష్ట్ర నిధులు ఇవ్వబోమంది. 2024లో మేరీలాండ్, మిన్నెసోటా, అదే ఏడాది డిసెంబరులో న్యూజెర్సీ. మన ఎడిసన్‌వాళ్ల రాష్ట్రంలో అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ సంతకం చేసిన చట్టం ఫ్లోరిడా చట్టానికి అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది, కుడి ఎడమై. ఫిర్యాదు చేసే హక్కు అక్కడా ఉంది, ఆ బడితో సంబంధమున్నవాళ్లకు. కానీ విచారణ తేలేదాకా పుస్తకం అల్మరాలోనే ఉంటుంది. తన పని తాను చేసిన లైబ్రేరియన్ మీద కేసులు పెట్టడానికి వీల్లేదు. ఫిర్యాదు నోరు నొక్కకుండానే పుస్తకాన్నీ కాపాడవచ్చని ఆ రెండు వాక్యాలు చూపిస్తున్నాయి.

పిల్లలు చట్టాల కోసం కూర్చోలేదు. పెన్సిల్వేనియాలోని సెంట్రల్ యార్క్‌లో మలాలా జీవితం, రోజా పార్క్స్ బొమ్మల పుస్తకం లాంటివెన్నో ఉన్న జాబితాను బోర్డు పక్కన పెట్టినప్పుడు, హైస్కూల్ పిల్లలు రోజూ పొద్దున్నే తరగతులకు ముందు బడి బయట అట్టలు పట్టుకు నిలబడ్డారు. 2021 సెప్టెంబరులో బోర్డు వెనక్కి తగ్గింది. బ్రూక్లిన్ పబ్లిక్ లైబ్రరీ 2022 నుంచి 13 నుంచి 21 ఏళ్ల లోపు ఏ రాష్ట్రం పిల్లలకైనా తన ఈ-పుస్తకాలు ఉచితంగా ఇస్తోంది. లూజియానాలో పుస్తకాల పక్షాన ఒక సమావేశంలో మాట్లాడిన బడి లైబ్రేరియన్ అమాండా జోన్స్ మీద ఆన్‌లైన్‌లో నానా బూతులూ గుప్పించారు. ఆమె పరువునష్టం దావా వేసి, ఆ అనుభవాన్ని పుస్తకంగా రాసింది.

టెక్సాస్ మనవాళ్లు అడిగే మాటొకటుంది: హెచ్1బీ మీద ఉన్నాం, ఓటు లేదు, మేమేం చేయగలం? స్కూల్ బోర్డు ఎన్నికల్లో ఓటు లేదు, నిజమే. బోర్డు సమావేశంలో మాట్లాడటానికి ఓటు అడగరు, పేరు నమోదు చేసుకోవాలి, అంతే. ఎస్‌బీ 13 కింద ఏర్పడే లైబ్రరీ సలహా మండలిలో ఐదుగురికి తగ్గకుండా సభ్యులుండాలి. ఎక్కువమంది ఆ డిస్ట్రిక్ట్‌లో పిల్లల్ని చదివిస్తున్న, అక్కడ ఉద్యోగం చేయని తల్లిదండ్రులై ఉండాలి. వాళ్లను నియమించేది బోర్డు. ఫిర్యాదు వచ్చిన పుస్తకం ముందు ఆ మండలి బల్ల మీదికే వస్తుంది. ఈ సంక్రాంతి సంబరాల కమిటీకి పేర్లు ఇచ్చేటప్పుడు, దానికీ ఒకరిద్దరు పేర్లిస్తే బాగుంటుంది. నవలలు ఇష్టంగా చదివేవాళ్లవి అయితే మరీ మంచిది.